వనమే గురువు – ఆల్బర్ట్ హోవర్డ్

పాఠ్యభాగ ఉద్దేశం

ప్రకృతిని శ్రద్ధతో పరిశీలించేవానికి అడవే గొప్ప గ్రంథాలయమని, నిరక్షరాస్యుడైన కర్షకుడు కూడా ఆచార్యపీఠానికి అర్హుడని నిరూపించిన శాస్త్రవేత్త జీవితాన్ని పరిచయం చేయడం, నేల సారానికీ అడవికీ గల సంబంధాన్ని తెలపడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

హైదరాబాదు నుండి కర్నూలుకు పోయే జాతీయ రహదారి బీచుపల్లి వద్ద కృష్ణానదిని దాటుతుంది. ఈవలి గట్టున వనపర్తి జిల్లా, ఆవలి గట్టున ఆంజనేయస్వామి కొలువై ఉన్న బీచుపల్లి, దానికి ఆవల కృష్ణా తుంగభద్రల నడుమ విస్తరించిన నడిగడ్డ సీమ. వానాకాలంలో ఇక్కడ నిలిచి చూస్తే కృష్ణమ్మ మట్టి రంగు దాల్చి పరవళ్లు తొక్కుతూ ఉంటుంది. ఆ రంగు నీటిది కాదు. ఎగువన ఉన్న లక్షలాది ఎకరాల చేల పైపొర అది. రైతు ఏళ్ల తరబడి పెంట తోలి పెంచుకొన్న సారమంతా ఆ నీటిలో కొట్టుకొనిపోతూ ఉంటుంది. అదే నది మరికొంత దూరం సాగి నల్లమల కొండల నడుమ ప్రవేశిస్తుంది. అక్కడి అడవికి ఎవరూ ఎరువు వేయరు. ఎవరూ దుక్కి దున్నరు. అయినా వేల సంవత్సరాలుగా ఆ చెట్లు చిగురిస్తూనే ఉన్నాయి. సాగుచేసే నేల సారం కోల్పోతూ ఉండగా, ఎవరూ సాగుచేయని నేల సారవంతంగా ఎట్లా నిలిచింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడంలో జీవితాన్ని వెచ్చించిన మహనీయుడు సర్ ఆల్బర్ట్ హోవర్డ్.

హోవర్డ్ 1873 డిసెంబరు 8వ తేదీన ఇంగ్లండు దేశంలోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. పశువుల కొట్టం, పేడకుప్ప, గడ్డిమేట్ల నడుమ అతని బాల్యం గడిచింది. తరువాత లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ సైన్సులోను, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోను విజ్ఞానశాస్త్రాలను అభ్యసించి ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. పొలంలో పుట్టిన అనుభవం, ప్రయోగశాలలో పొందిన శాస్త్రజ్ఞానం అనే రెండు కళ్లూ అతనికి సమానంగా అమరాయి. ఆ రెండింటిలో ఏ ఒక్కటి లోపించినా అతని కృషి మరో విధంగా ఉండేది.

1899లో హోవర్డ్ వెస్టిండీస్ దీవులకు వెళ్లి, బార్బడోస్ కేంద్రంగా చెరకు మొదలైన పైర్లకు సోకే శిలీంధ్ర వ్యాధులను పరిశోధించే ఉద్యోగంలో చేరాడు. రోగాలను సూక్ష్మదర్శినిలో చూడడం, వాటికి పేర్లు పెట్టడం, నివారణోపాయాలను వ్రాసి రైతులకు పంపడం అతని విధి. అయితే కొద్దికాలంలోనే అతని మనస్సులో ఒక అసంతృప్తి మొలకెత్తింది. తాను చెప్పే ఉపాయాన్ని తానే ఆచరించి చూడడానికి అతనికి గుంటెడు నేల కూడా లేదు. తాను వండని వంటకు రుచి చెప్పే స్థితి అది. రోగాన్ని గూర్చి ఎంతో తెలుసుకొన్నప్పటికీ, ఆరోగ్యంగా ఉన్న మొక్కను గూర్చి తనకు తెలిసినది అత్యల్పమని అతడు గ్రహించాడు.

1903లో స్వదేశానికి తిరిగివచ్చి వై అనే ఊరిలోని వ్యవసాయ కళాశాలలో అధ్యాపకుడయ్యాడు. అక్కడ హాప్స్ అనే తీగపంటను పరిశీలించే అవకాశం కలిగింది. ఆ తీగలో మగమొక్కలు వేరు, ఆడమొక్కలు వేరు. మగమొక్కలవల్ల ఆదాయం లేదని రైతులు వాటిని తొలగిస్తూ వచ్చారు. హోవర్డ్ తోటలలో మగమొక్కలను తిరిగి నాటించి, పరాగసంపర్కం సక్రమంగా జరిగితే దిగుబడి పెరగడమే కాక చీడపీడలను తట్టుకొనే శక్తి కూడా పెరుగుతుందని చూపించాడు. ప్రకృతి ఏర్పరచిన క్రమంలో ఒక్క అంశాన్ని తొలగించినా దాని ఫలితం మరెక్కడో కనిపిస్తుందన్న సత్యం అతనికి అనుభవంలోకి వచ్చింది.

1905లో భారతదేశ ప్రభుత్వం హోవర్డ్‌ను ఇంపీరియల్ ఎకనమిక్ బాటనిస్టుగా నియమించింది. బీహారులోని పూసాలో అప్పుడే వ్యవసాయ పరిశోధన సంస్థ వెలసింది. అదే సంవత్సరం అతడు గాబ్రియేల్ మథాయ్ అనే విదుషీమణిని వివాహమాడాడు. ఆమె కేవలం శాస్త్రవేత్త భార్య కాదు, స్వయంగా శాస్త్రవేత్త. ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించే వేగంపై ఉష్ణోగ్రత ప్రభావం ఎట్లా ఉంటుందో కేంబ్రిడ్జిలో పరిశోధించి పేరు గడించింది. గాలిలోని కర్బనం ఆకులోకి చేరే మార్గాన్ని ఆమె పరిశీలించింది. ఆ కర్బనం నేలకు చేరిన తరువాత ఏమవుతుందో కాలక్రమంలో అతడు పరిశీలించాడు. ఇట్లా ఆ దంపతుల శాస్త్రజీవితాలు ఒకే చక్రంలోని రెండు అర్ధభాగాలై అమరాయి. 1913లో ప్రభుత్వం ఆమెను కూడా అధికారికంగా రెండవ ఇంపీరియల్ ఎకనమిక్ బాటనిస్టుగా నియమించింది. ఆ కాలంలో ఒక స్త్రీకి అటువంటి శాస్త్రపదవి లభించడం అరుదైన విషయం.

పూసాలో హోవర్డ్ మొదట కోరినది ప్రయోగశాలను కాదు, నేలను. డెబ్బై అయిదు ఎకరాల భూమి అతనికి లభించింది. చుట్టుపక్కల గ్రామాల రైతులు పండించే పంటలను చూసినప్పుడు అతడు ఆశ్చర్యపోయాడు. వారు పురుగుమందులను ఎరుగరు, కృత్రిమ ఎరువులను ఎరుగరు. అయినా వారి పైర్లు ఆరోగ్యంగా ఉన్నాయి. పాశ్చాత్య శాస్త్రాన్ని బోధించడానికి వచ్చిన ఆ అధికారి, పాలకుల అహంకారాన్ని విడిచిపెట్టి ఆ రైతుల వద్ద విద్యార్థిగా కూర్చున్నాడు. రైతులతోపాటు చీడపీడలను కూడా తన గురువులుగా భావించాడు. పురుగు పట్టిందంటే, ఆ మొక్క తనకు తగని నేలలోనో, తగని కాలంలోనో ఉన్నదని ప్రకృతి చేసే హెచ్చరికగా దానిని అర్థం చేసుకొన్నాడు. మొక్క కంటె ముందు దాని వేరును, వేరు కంటె ముందు అది నిలిచిన మట్టిని చూడడం అతనికి అలవాటైంది.

పూసాలో ఆ దంపతులు గోధుమపై చేసిన కృషి దేశవిదేశాలలో కీర్తి తెచ్చింది. దేశీయ రకాల నుండి ఎంపికచేసి వారు రూపొందించిన పూసా 4, పూసా 12 అనే వంగడాలు రైతులకు ప్రీతిపాత్రమయ్యాయి. వేసవులలో బెలూచిస్తానులోని క్వెట్టాకు వెళ్లి, అక్కడి పండ్లతోటలను, తక్కువ నీటితో గోధుమ పండించే పద్ధతులను పరిశీలించారు. మరొకరైతే ఈ కీర్తితో తృప్తిపడి ఉండేవారు. హోవర్డ్ మాత్రం తన విజయాన్నే శంకించాడు. మేలైన విత్తనాన్ని సృష్టించవచ్చు, కాని ఆ విత్తనం తన శక్తినంతా చూపాలంటే నేలలో సారం ఉండాలి. నేల బాగుపడకుండా విత్తనాన్ని మాత్రమే మార్చడం, పునాది కదిలిన ఇంటికి వెల్ల వేయడం వంటిది.

అయితే నేలను, మొక్కను, పశువును కలిపి పరిశీలించడానికి పూసా సంస్థ అనుకూలంగా లేదు. రసాయనశాస్త్రం ఒక గదిలో, కీటకశాస్త్రం మరొక గదిలో, శిలీంధ్రశాస్త్రం ఇంకొక గదిలో ఉండేవి. ఒకరి గది గడప మరొకరు దాటితే అది హద్దుమీరడంగా భావించేవారు. పొలంలో మాత్రం ఆ హద్దులు లేవు. ఈ కారణంగా సహోద్యోగులతో హోవర్డ్‌కు అభిప్రాయభేదాలు పెరిగాయి. చివరకు తన భావాలకు అనుగుణమైన కొత్త సంస్థనే స్థాపించాలని సంకల్పించాడు. పత్తి పరిశోధనకై ఏర్పడిన కేంద్ర సంఘం ధనసహాయం చేసింది. హోల్కరు సంస్థానం ఇందూరులో మూడు వందల ఎకరాల భూమిని సమకూర్చింది. 1924లో అక్కడ మొక్కల పరిశోధన సంస్థ ఆరంభమైంది. హోవర్డ్ దానికి సంచాలకుడయ్యాడు.

ఇందూరు నల్లరేగడి నేలలలో పని ప్రారంభించినప్పుడు అతనికి ఆదర్శంగా నిలిచినది అడవి. అడవిలో ఒకే జాతి చెట్టు ఒంటరిగా పెరగదు. వృక్షం, పొద, తీగ, గడ్డి, పక్షి, మృగం, పురుగు అన్నీ కలిసి ఉంటాయి. నేల ఎన్నడూ ఎండకు వానకు బయలుపడి ఉండదు. పై కొమ్మలు, క్రింది పొదలు, వాటి క్రింద రాలిన ఆకులు వాన వేగాన్ని అణచి నీటిని నెమ్మదిగా భూమిలోకి పంపుతాయి. రాలిన ఆకు, చచ్చిన జంతువు, పశుపక్ష్యాదుల రెట్ట అక్కడే కుళ్లి నల్లని జీవాంశంగా మారి మరల వేళ్లకు ఆహారమవుతాయి. అక్కడ వ్యర్థమనే మాటకు తావు లేదు. పెరుగుదల, క్షయం సమతూకంలో ఉండడమే అడవి రహస్యమని హోవర్డ్ గ్రహించాడు. మనిషి పెరుగుదలను మాత్రమే కోరి, క్షయాన్ని తిరిగి నేలకు చేర్చడం మరచిపోయాడు. అందువల్లనే పొలం బీదదయింది.

ఈ రహస్యంలో ప్రధానపాత్ర వహించే మూలకాలు రెండు. ఒకటి కర్బనం, రెండవది నత్రజని. చెట్టు తన దేహాన్ని కర్బనంతో కట్టుకొంటుంది. దానిని గాలిలోని బొగ్గుపులుసు వాయువు నుండి సూర్యరశ్మి సాయంతో గ్రహిస్తుంది. అయితే ఆ పనిచేసే ఆకుపచ్చని యంత్రాంగానికి నత్రజని కావాలి. గాలిలో దాదాపు అయిదింట నాలుగు వంతులు నత్రజనియే అయినప్పటికీ, చెట్టు దానిని నేరుగా వాడుకోలేదు. సముద్రం నడుమ ఉన్నవాడు దాహంతో అలమటించినట్లే చెట్టు కూడా నత్రజని సముద్రంలో నిలిచి నత్రజనికై తపిస్తుంది. అందుకే అడవి దానిని అతి పొదుపుగా వాడుతుంది. ఆకు రాలడానికి ముందు అందులోని నత్రజనిలో దాదాపు సగభాగాన్ని చెట్టు తిరిగి కొమ్మలోకి లాగుకొంటుంది. గృహిణి ఇల్లు మారేముందు విలువైన వస్తువులను మూటగట్టుకొన్నట్లుంటుంది ఆ జాగ్రత్త.

నేలపై రాలిన ఆకు సూక్ష్మజీవులకు విందు. సూక్ష్మజీవి దేహంలో ఎనిమిది పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని ఉంటుంది. అది తినే కర్బనంలో సుమారు మూడింట రెండు వంతులు శ్వాసక్రియలో ఖర్చయి మరల గాలిలో కలుస్తుంది. అంటే ఇరవై నాలుగు పాళ్ల కర్బనం తింటే పదహారు పాళ్లు గాలిపాలై, ఎనిమిది పాళ్లు దేహంగా మిగులుతాయి. ఆ ఎనిమిదింటికి ఒక పాలు నత్రజని అవసరం. కాబట్టి ఇరవై నాలుగు పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని గల పదార్థం వాటికి సరియైన ఆహారం. గోధుమ గడ్డి వంటి ఎండు పదార్థాలలో ఈ నిష్పత్తి ఎనభైకి ఒకటి వరకు ఉండవచ్చు. అట్టి పదార్థాన్ని నేరుగా చేనిలో దున్నితే, సూక్ష్మజీవులు తమకు చాలని నత్రజనిని మట్టి నుండి లాగుకొంటాయి. పైరు పసుపుబారుతుంది. నత్రజని మరీ ఎక్కువైతే అది అమోనియాగా గాలిలోనో, నైట్రేటుగా నీటిలోనో కలిసి పోతుంది. ఈ రెండు అంచుల నడుమ నడవడమే కుళ్లించే విద్యలోని నేర్పు.

ఇందూరులో హోవర్డ్, అతని సహచరుడైన యశ్వంత్ వాడ్ అనే భారతీయ రసాయనశాస్త్రవేత్త కలిసి ఈ నేర్పుకు శాస్త్రరూపం ఇచ్చారు. చీనా దేశపు రైతులు వేల ఏళ్లుగా ఆచరిస్తున్న పద్ధతులు వారికి మార్గం చూపాయి. మన దేశానికి కూడా ఈ విద్య కొత్తది కాదు. కృషి పరాశరం అనే ప్రాచీన సంస్కృత గ్రంథం పేడకుప్పను మాఘమాసంలో త్రవ్వి, ఎండబెట్టి, పిదప గుంతలలో చేర్చే విధానాన్ని వివరించింది. తాతల నాటి ఆ అనుభవానికి కొలతలు, లెక్కలు, కాలనియమాలు సమకూర్చినవారు హోవర్డ్, వాడ్‌లు. పత్తికట్టె, చెరకు ఆకు, కలుపుమొక్కలు, గడ్డి, రాలిన ఆకులు మొదలైన కర్బన పదార్థాలకు పేడను, పశువుల మూత్రం ఇంకిన మట్టిని, కొయ్యబూడిదను చేర్చి పొరలు పొరలుగా గుంతలో పరచేవారు. పేడ, మూత్రం నత్రజనిని అందిస్తాయి. బూడిద పులుపును అణచివేస్తుంది. తగినంత తేమ, తగినంత గాలి ఉండేటట్లు చూస్తూ నిర్ణీత కాలవ్యవధులలో మూడు పర్యాయాలు తిరగవేసేవారు. ఆరంభంలో ముప్పై మూడుకు ఒకటిగా ఉండే కర్బన నత్రజనుల నిష్పత్తి, మూడు మాసాలలో దాదాపు పదికి ఒకటిగా తగ్గి, మట్టివాసన గల నల్లని పొడి మిగిలేది. అడవి సంవత్సరాలలో చేసే పనిని రైతు తొంభై రోజులలో చేయగల ఉపాయం దొరికింది. అదే ఇందూరు కంపోస్టు పద్ధతిగా లోకప్రసిద్ధమైంది.

విజయం సమీపించిన వేళ విషాదం ఎదురైంది. పాతికేళ్లు తనతో పొలాల వెంట నడిచిన గాబ్రియేల్ 1930లో జెనీవాలో కన్నుమూసింది. మరుసటి సంవత్సరం హోవర్డ్ పదవీవిరమణ చేసి భారతదేశాన్ని విడిచాడు. వ్యవసాయ వ్యర్థాలను జీవాంశంగా మార్చే విధానంపై వాడ్‌తో కలిసి వ్రాసిన గ్రంథం 1931లోనే వెలువడింది. అదే సంవత్సరం గాబ్రియేల్ సోదరి లూయీజ్‌ను అతడు వివాహమాడాడు. 1934లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదంతో సత్కరించింది. అయినా అతడు విశ్రాంతి కోరలేదు. కెన్యాలోని కాఫీ తోటలు, భారత సింహళ దేశాలలోని తేయాకు తోటలు అతని పద్ధతిని అనుసరించాయి. 1940లో వెలువడిన వ్యవసాయ విషయకమైన తన మహాగ్రంథాన్ని గాబ్రియేల్ స్మృతికి అంకితం చేశాడు. అందులో ప్రకృతిని, ముఖ్యంగా అడవిని, సర్వోత్తమ కర్షకుడిగా నిలబెట్టాడు.

ఆ గ్రంథం పొగడ్తలతోపాటు తీవ్రమైన విమర్శలను కూడా తెచ్చింది. 1840లో జర్మనీ రసాయనశాస్త్రవేత్త లీబిగ్ ప్రకటించిన గ్రంథం తరువాత, మొక్కకు కావలసిన మూలకాలను లెక్కించి లవణాలుగా అందిస్తే చాలునన్న భావన బలపడింది. 1913లో జర్మనీలో గాలి నుండి అమోనియాను తయారుచేసే కర్మాగారం ఆరంభమైంది. ఆ తరువాత నత్రజని ఎరువులు విరివిగా లభించసాగాయి. కేవలం లవణాలు వేసి జీవాంశాన్ని విస్మరిస్తే నేల చచ్చిపోతుందని హోవర్డ్ హెచ్చరించాడు. రసాయనవాదులు అతనిని ఛాందసుడిగా చూశారు.

నిష్పాక్షికంగా పరిశీలిస్తే ఇరువైపులా సత్యం ఉన్నది. కృత్రిమ నత్రజని లేకుంటే పెరిగిన జనాభాకు అన్నం పెట్టడం సాధ్యమయ్యేది కాదు. ఈ సంగతికి హోవర్డ్ తగిన విలువ ఇవ్వలేదు. వేళ్లతో కలిసి జీవించే శిలీంధ్రాలను మొక్క జీర్ణించుకొని బలం పొందుతుందని అతడు విశ్వసించాడు. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ శిలీంధ్రాలు ముఖ్యంగా భాస్వరం వంటి పోషకాలను వేళ్లకు చేరవేస్తాయని తేల్చారు. కంపోస్టుతో సమస్త రోగాలు నివారణమవుతాయన్న అతని నమ్మకం కూడా అతిశయోక్తియే. కాని నేల ఒక జీవి అని, దానికి కర్బనం అన్నమైతే నత్రజని ఆ అన్నాన్ని ఒంట పట్టించేదని, ఏ ఒక్కదాన్నీ విడిగా చూడరాదని అతడు చెప్పిన మూలసత్యం చెక్కుచెదరలేదు.

హోవర్డ్ మరణానంతరం అడవులపై జరిగిన పరిశోధనలు ఆ సత్యాన్ని మరింత విశదం చేశాయి. అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో చెట్లకు అదనంగా బొగ్గుపులుసు వాయువును అందించి చూశారు. తొలి సంవత్సరాలలో అవి ఉత్సాహంగా పెరిగాయి. తరువాత నత్రజని చాలక ఆ పెరుగుదల వెనుకబట్టింది. అదే దేశంలోని హార్వర్డ్ అరణ్యంలో 1988 నుండి ఏటా నేలకు నత్రజనిని చేర్చుతూ పరిశీలించారు. అక్కడ ఆకులు కుళ్లే వేగం మందగించి నేలలో కర్బనం నిలువ పెరిగింది. కాని అధికమోతాదులో నత్రజని పొందిన దేవదారు జాతి చెట్లు అనేకం క్షీణించి చనిపోయాయి. కొరతైతే చెట్టు పెరగదు, మితిమీరితే చెట్టు నిలువదు. బండ్ల పొగ నుండి, కర్మాగారాల నుండి, ఎరువు వేసిన పొలాల నుండి గాలిలో చేరే నత్రజని వానతో అడవులపై కురుస్తున్న ఈ కాలంలో ఇది కేవలం పుస్తకాల విషయం కాదు. అడవి గాలిలోని కర్బనాన్ని ఎంత దాచుకోగలదన్నది, అది పొందే నత్రజని పరిమాణంపై కూడా ఆధారపడి ఉంటుంది. భూతాపం పెరుగుతున్న నేడు మానవాళి భవిష్యత్తు ఆ లెక్కతో ముడిపడి ఉన్నది.

1947 అక్టోబరు 20వ తేదీన హోవర్డ్ తనువు చాలించాడు. అతడు ఇరవై ఆరేళ్లు విద్యార్థిగా గడిపిన భారతదేశం అప్పటికి స్వతంత్రమై రెండు మాసాలు దాటింది. తెల్లదొరల పాలనలో ఉద్యోగిగా వచ్చి, పాలితుల వద్ద శిష్యరికం చేసి, ఆ ఋణాన్ని బహిరంగంగా అంగీకరించిన అరుదైన వ్యక్తి అతడు. అతని పద్ధతికి తరువాత మన దేశంలోనే కొత్త రూపాలు వచ్చాయి. బెంగళూరులో సి.ఎన్. ఆచార్య 1939లో రూపొందించిన కంపోస్టు విధానం పట్టణాల చెత్తను సైతం ఎరువుగా మార్చే మార్గం చూపింది. నేటికీ మన వ్యవసాయ విద్యార్థులు ఇందూరు పద్ధతిని, బెంగళూరు పద్ధతిని ప్రక్కప్రక్కనే చదువుతారు.

ఇక బీచుపల్లి గట్టుకు తిరిగివద్దాం. నడిగడ్డ, వనపర్తి చేలలో రైతు వేసే వేరుశనగ మొక్కను పెరికి చూస్తే వేళ్లకు చిన్నచిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఆ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి. నల్లమలలోని ఏగి, చండ్ర వంటి చెట్లు కూడా ఇటువంటి బుడిపెల సాయంతోనే అడవికి నత్రజనిని సమకూర్చుతున్నాయి. నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాలలో సుమారు 2,600 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఆ పురాతన పాఠశాలలో ఒక భాగం. వేసవిలో అక్కడ ఆకులు రాలి నేలపై పరచుకొంటాయి. నిర్లక్ష్యంతో పారవేసిన ఒక్క నిప్పురవ్వ ఆ ఆకులను తగులబెడితే, అందులోని కర్బనంతోపాటు చెట్లు ఎంతో పొదుపుగా కూడబెట్టిన నత్రజని కూడా క్షణాలలో పొగయి పోతుంది. మిగిలేది బూడిద. తొలకరి వానకు ఆ బూడిద కూడా వాగులలో కలిసి కృష్ణకు చేరుతుంది. పంట కోసిన తరువాత చేనిలో మోళ్లను తగులబెట్టే రైతుకు జరిగే నష్టమూ అదే.

రాలిన ఆకును చెత్తగా చూసేవానికి అది చెత్త మాత్రమే. హోవర్డ్ దానిలో రేపటి పంటను చూశాడు. పొలంలో మనిషి తీసుకొన్నదానిని తిరిగి నేలకు ఇవ్వడమే వ్యవసాయధర్మమని అతని జీవితం బోధిస్తున్నది. వరద వచ్చినప్పుడు బీచుపల్లి వద్ద కృష్ణ తేటగా పారే రోజు రావాలంటే, ఎగువనున్న ప్రతి చేను కొంతైనా అడవి స్వభావాన్ని అలవరచుకోవాలి.

అభ్యాసం

1. బార్బడోస్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు హోవర్డ్‌కు కలిగిన అసంతృప్తికి కారణమేమిటి?
2. గాబ్రియేల్, హోవర్డ్‌ల పరిశోధనలు ఒకే చక్రంలోని రెండు అర్ధభాగాలని చెప్పడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
3. ఎండుగడ్డిని నేరుగా చేనిలో దున్నితే పైరు ఎందుకు పసుపుబారుతుంది?
4. హోవర్డ్ అభిప్రాయాలలో నిలిచినవేవి, నిలువనివేవి? సమీక్షించండి.
5. మీ గ్రామంలో గాని, మీ కళాశాల ఆవరణలో గాని రాలిన ఆకులను ఏమి చేస్తున్నారో పరిశీలించి ఒక వ్యాసం వ్రాయండి.